రేచని పేరు మోసిన రాజులు

పోయిన శ్రావణమాసంలో సంగతి. మా కళాశాలలో బి.ఏ. విద్యార్థులకు చారిత్రక కావ్యాలను గూర్చి పాఠం చెబుతున్నాను. బయట సన్నగా వాన. నల్లగొండలో వాన పడిన రోజున పాఠం వినేవారికంటే కిటికీలోంచి చూసేవారే ఎక్కువ. వాళ్ల చూపు ఇటు తిప్పుదామని కొంచెం పసందైన కథే ఎత్తుకున్నాను. వెలుగోటివారి వంశావళిలో మొట్టమొదట వచ్చే రేచని కథ అది.

కథ అయిపోయింది. రాచకొండ, దేవరకొండ ఏలిన రేచర్ల పద్మనాయకుల పేర్లన్నీ నల్లబల్ల మీద చెట్టులాగా గీసి చూపించాను. ఎంతో బాగా చెప్పానని లోలోపల మురిసిపోతూ, "ఏమైనా సందేహాలున్నాయా?" అని అడిగాను. ఇటువంటి ప్రశ్నకు మామూలుగా జవాబు రాదు. ఆ వేళ వచ్చింది. వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచి నిలబడ్డాడు. రాచకొండ గుట్టల దగ్గరి పల్లెటూరివాడు. రోజూ బస్సులో వచ్చి పోతుంటాడు.

"సార్, రాజుల పిల్లలు, మనుమలు అందరి పేర్లు రాసిన్రు. మరి రేచని పిల్లలు ఏమయిన్రు? వాళ్ల వంశావళి ఎవరన్న రాసిన్రా?"

తరగతిలో ఎవ్వరూ నవ్వలేదు. నాకు జవాబు తోచలేదు. గంట కొట్టడంతో బతికిపోయాను. కాని ఆ ప్రశ్న నాతోపాటే ఇంటికి వచ్చింది. ఈ వ్యాసం ఆ కుర్రవాడికి నేను బాకీపడిన జవాబు.

ముందు ఆ రేచని కథేమిటో చదువరులకు చెప్పాలి. కథ చెప్పే తీరు ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా ఉన్నది. సారాంశం మాత్రం ఇది. కాకతీయుల కాలంలో ఆమనగల్లులో చెవిరెడ్డి అనే వ్యవసాయదారుడు ఉండేవాడు. ఈ ఆమనగల్లు మన మిర్యాలగూడెం ప్రాంతపు ఊరే. చెవిరెడ్డికి పొలంలో ఒక భేతాళుడు ఎదురుపడ్డాడు. నిధి ఉన్న చోటు చూపించి, నరబలి ఇస్తేనే అది దక్కుతుందన్నాడు. చెవిరెడ్డి వెనుకాడుతుంటే, ఆయన దగ్గర పనిచేసే రేచడు అనే మాల కులస్థుడు ముందుకు వచ్చి, "నన్ను బలి ఇయ్యండి" అన్నాడట. అయితే రెండు కోరికలు కోరాడు. ఒకటి, మీ వంశానికి నా పేరు పెట్టుకోవాలి. రెండు, మీ ఇంట పెండ్లి జరిగినప్పుడల్లా ముందుగా నా వంశంవారి ఇంట ఒక పెండ్లి జరిపించాలి. చెవిరెడ్డి ఒప్పుకున్నాడు. నిధి దక్కింది. చెవిరెడ్డి భేతాళ నాయకుడై కాకతి గణపతిదేవుని కొలువులో పైకి వచ్చాడు. ఆయన సంతతివారు ఆనాటి నుండి రేచర్ల గోత్రీకులు అయినారు.

భాషాశాస్త్రం చదివినవారు ఇక్కడ గొంతు సవరించుకుంటారు. మాచర్ల వంటి ఊరిపేర్లలో చివర ఉన్న 'చర్ల' చెరువును తెలిపే మాట. ఆ లెక్కన రేచర్ల అనేది ముందు ఒక ఊరి పేరు. ఊరి పేరే ఇంటిపేరు కావడం మన తెలుగువారిలో సర్వసాధారణం. పైగా కాకతీయుల నాడే రేచర్ల ఇంటిపేరుతో వేరొక ప్రసిద్ధ కుటుంబం ఉన్నది. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో గుళ్లు కట్టించిన రేచర్ల రెడ్లు వారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన పాలంపేట రామప్ప గుడిని 1213లో కట్టించిన రేచర్ల రుద్రుడూ ఆ ఇంటిపేరివాడే. కనుక రేచని కథ, పేరు పుట్టిన తరువాత పేరును వివరించడానికి పుట్టిన కథ కావచ్చును.

కాని అసలు వింత ఇక్కడే ఉన్నది. కథ కల్పించుకునే స్వేచ్ఛ ఉన్నప్పుడు ఏ రాజైనా ఏం చేస్తాడు? సూర్యుణ్ణో చంద్రుణ్ణో తెచ్చి మొదట కూర్చోబెడతాడు. మన దేశంలో ఎంత చిన్న సంస్థానం చూసినా ఆ రెండు గ్రహాలలో ఏదో ఒకదానితో చుట్టరికం కలుపుకోక మానదు. రేచర్లవారి భట్టుకవులు మాత్రం తమ ప్రభువుల వంశవృక్షానికి మొదట్లో ఒక పాలేరును నిలబెట్టారు. ఆ వంశంలోనే పుట్టిన సర్వజ్ఞ సింగభూపాలుడు 'రసార్ణవసుధాకరం' అనే అలంకారశాస్త్ర గ్రంథం సంస్కృతంలో వ్రాస్తూ, తమది విష్ణుపాదాలనుండి పుట్టిన వర్ణమని ఏ మొహమాటమూ లేకుండా చెప్పుకున్నాడు. తమ ఎదుగుదల ఎవరో ఒకరి ప్రాణం మీద నిలబడి ఉన్నదన్న సంగతి ఆ ఇంటివారు మరిచిపోలేదన్నమాట. మరిచిపోకుండా ఉండటానికి పేరులోనే పెట్టుకున్నారు.

అయినా కథ చెప్పింది రాజుల భట్లే గదా! రేచడు నిజంగా తనంతట తానే మెడ వంచాడా, లేక వంచక తప్పలేదా? ఈ ప్రశ్న వంశావళి అడగదు. మనం అడగవచ్చును.

ఈ వంశావళి ఏ ఒక్క కవీ కూర్చుండి వ్రాసిన కావ్యం కాదు. తరతరాల భట్టుకవులు కొలువుల్లో చదివిన పద్యాల పోగు. దానిని నేలటూరి వెంకటరమణయ్యగారు పరిష్కరించగా 1939లో మద్రాసు విశ్వవిద్యాలయంవారు అచ్చువేశారు. పద్యాల్లో పొగడ్త ఎక్కువ, తేదీలు మృగ్యం. ఎవరి తరువాత ఎవరు, ఎవరు ఎవరిని చంపారు, ఎవరికి ఏ బిరుదు వచ్చింది అన్న వరుస మాత్రం జాగ్రత్తగా ఉన్నది. తేదీ కావాలంటే రాతి దగ్గరికి పోవాలి. శాసనంలో శకసంవత్సరం చెక్కి ఉంటుంది. దానికి 78 కలిపితే మనకు తెలిసిన క్రీస్తుశకం వస్తుంది. పద్యం వరుస చెబుతుంది, రాయి కాలం చెబుతుంది. రెండూ కలిస్తేనే చరిత్ర.

మా తెలుగు పంతుళ్లకు ఇదేదో పనిలేని పని కాదు. ఈ వంశంలో సింగమనాయుడు, అనపోతనాయుడు, మాదానాయుడు అన్న పేర్లు తాతలవి మనుమలకు పెట్టగా తిరిగి తిరిగి వస్తాయి. శ్రీనాథుడు దర్శించిన సింగభూపాలుడు ఎవరు? పోతన పేరు మీద ఉన్న భోగినీదండకం ఏ సింగభూపాలునిది? ఈ చర్చలన్నీ వంశవృక్షం ముందు పెట్టుకుంటే గాని తెమలవు. మన సాహిత్య చరిత్రలో సగం తగాదాలు తాతామనుమల పేర్లు ఒకటే కావడం వల్ల వచ్చినవే!

ఇంతకూ ఆ వంశంవారు ఏం చేశారు? కాకతీయ సామ్రాజ్యం 1323లో కూలిపోయిన తరువాత తెలుగునాట ఎవరి కోట వారిదైనది. సింగమనాయుడు జల్లిపల్లి కోట ముట్టడిలో 1361 ప్రాంతంలో ద్రోహానికి బలి అయినాడు. ఆయన కొడుకులు అనపోతనాయుడు, మాదానాయుడు పగ తీర్చుకున్నారు. 1368 ప్రాంతంలో ఓరుగల్లు ఏలే ముసునూరి కాపయ నాయకుడు వీరితో పోరాడి పడిపోయాడు. దానితో తెలంగాణంలో వీరికి ఎదురు లేకపోయింది. పెద్దవాడు రాచకొండలోను, చిన్నవాడు దేవరకొండలోను ఉండి రాజ్యం చేశారు.

ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన ఆ రాచకొండ గుట్టలు ఎక్కి చూసినవారికి తెలుస్తుంది, ఎంత మొరటు రాతినేల అది! నది లేదు. కాలువ లేదు. ఆ గుట్టల నడుమ రాజధాని పెట్టాలంటే మొదట నీళ్లు కావాలి. అందుకని ఈ వంశంవారు కత్తి పట్టిన చేతులతోనే చెరువులు కట్టించారు. రావు మాధవుడనే రాచకొండ ప్రభువు భార్య నాగాంబిక 1429లో నాగసముద్రం అనే చెరువు త్రవ్వించి శాసనం వేయించింది. భట్లు పద్యాలు కట్టింది మగవారికి. ఎవడు ఎన్ని తలలు నరికాడో లెక్కపెట్టి మరీ కట్టారు. ఆడవారికి ఆ వృక్షంలో చోటు తక్కువ. కాని నాగాంబిక పద్యం కోసం ఎదురుచూడలేదు. తన పేరు నీళ్లకు పెట్టుకున్నది.

ఆ చెరువు తెగిన పదేండ్లలోపే, 1430లలో, రాచకొండ బహమనీ సుల్తానుల పాలయింది అంటే అది శకునం కాదు. ఆనాటి రాజ్యాల ఆయుర్దాయం అంతే. చెరువు తెగిందన్న మాటకు మా వైపు రెండర్థాలు ఉన్నాయి గనుక వివరంగా చెబుతాను: చెరువు పూర్తయిన పదేండ్లలోపే అని నా భావం. దేవరకొండ శాఖ మరి కొన్ని దశాబ్దాలు నిలబడి, అదీ 1475 ప్రాంతానికి చేజారింది.

రాజ్యం పోయినా వంశం పోలేదు. చెట్టు నరికితే వేళ్లు పక్కకు పాకినట్లు రేచర్లవారు కృష్ణ దాటి దక్షిణానికి పోయారు. ఒక శాఖ నల్లమల అవతల వెలుగోడులో నిలిచి, ఆ ఊరిపేరు మీదనే వెలుగోటివారైనారు. అక్కడినుండి నెల్లూరు సీమకు పోయి కలిమిలి అనే ఊరిని తమ స్థానం చేసుకున్నారు. మన ఇండ్లలో ఆడవారికి ఈ ఊరిపేరు చరిత్రకారులకంటే బాగా తెలుసు. కలిమిలి అంటే తెలియకపోవచ్చును గాని, దాని తరువాతి పేరు వెంకటగిరి అంటే చీరల పెట్టె తెరవాల్సిందే!

ఆ వెలుగోటివారిలో యాచమనాయుడు ఒక్కడి కథ చాలు, నవల వ్రాయవచ్చును. విజయనగరపు వెంకటపతి దేవరాయలు 1614లో చనిపోగానే సింహాసనం కోసం కుట్రలు రేగి, గొబ్బూరి జగ్గరాయడు రాజకుటుంబాన్ని చంపించాడు. ఒక్క పిల్లవాణ్ణి, రామదేవుణ్ణి మాత్రం యాచమనాయుడు కోటలోంచి దాటించగలిగాడు. తరువాత కావేరీ తీరాన తోపూరు యుద్ధంలో జగ్గరాయణ్ణి కూల్చి, ఆ పిల్లవానికి రాజ్యం దక్కించాడు. ఇది భట్టుకవుల అతిశయోక్తి అనుకునేవారికి ఇంకొక సాక్ష్యం ఉన్నది. బరదాస్ అనే పాదరీ 1616లో వ్రాసిన లేఖలో ఈ యాచమనాయుడు స్పష్టంగా కనిపిస్తాడు.

ఇంకొక శాఖ ఉత్తరానికి నడిచింది. శ్రీకాకుళం ఫౌజుదారు వెంట వెంకటగిరివారి వంశీయుడు పెద్దారాయుడు వెళ్లి సంపాదించిన ఠాణాయే బొబ్బిలి. తరువాతి సంగతి మీకు తెలిసిందే. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతోను, విజయనగరం విజయరామరాజు బలగంతోను కోట చుట్టుముట్టారు. లోపలివారు ఆడవారితో పిల్లలతో సహా ప్రాణాలు విడిచారు. తాండ్ర పాపారాయుడు శత్రువు గుడారంలో చొరబడి విజయరామరాజును పొడిచాడు. 1964లో 'బొబ్బిలి యుద్ధం' సినిమా చూసి కంటతడి పెట్టినవారిలో, ఆ వీరుల వేళ్లు మన మిర్యాలగూడెం మట్టిలో ఉన్నాయని ఎందరికి తెలుసు? నాకే ఎం.ఏ. చదివే దాకా తెలియదు.

ఇక మన పాలమూరు వైపు వద్దాము. కృష్ణ ఒడ్డున జటప్రోలు సంస్థానాన్ని ఏలిన సురభివారు కూడా తాము ఆ భేతాళ నాయకుని సంతతివారమేనని చెప్పుకుంటారు. ఆ వంశంలో మాధవరాయలు 'చంద్రికా పరిణయం' అనే ప్రబంధం వ్రాశాడు. రాఘవ యాదవ పాండవీయం వ్రాసిన ఎలకూచి బాలసరస్వతి ఆ సంస్థాన కవి. తరువాత వారి రాజధాని కొల్లాపురానికి మారింది. శ్రీశైలం జలాశయంలో పాత జటప్రోలు మునిగిపోగా అక్కడి గుళ్లను రాయి రాయి విప్పి ఎత్తు మీదికి మార్చి మళ్లీ కట్టారు. ఊరు మునిగినా వంశం పేరు, కావ్యం పేరు మునగలేదు.

ఈ కొల్లాపురం దగ్గరే వంశవృక్షంలో ఒక చిత్రమైన కొమ్మ ఉన్నది. పందొమ్మిదవ శతాబ్ది చివరలో ఇక్కడ సంతానం లేకపోతే వెంకటగిరినుండి నవనీతకృష్ణ యాచేంద్రుణ్ణి దత్తత తెచ్చుకున్నారు. ఆయనే రాజా వెంకటలక్ష్మారావు అయినాడు. అదే వెంకటగిరి ఇంట 1862లో పుట్టిన మరొక పిల్లవాడు బొబ్బిలికి దత్తు పోయి మహారాజా వేంకట శ్వేతాచలపతి రంగారావు అయినాడు. దత్తు వచ్చిన ఆ మహారాజే బొబ్బిలి జమీందారీ చరిత్రను స్వయంగా ఇంగ్లీషులో గ్రంథంగా వ్రాశాడు! అంటే ఆ ఇంటి కథను భద్రపరిచినవాడు ఆ ఇంట పుట్టినవాడు కాడు.

ఇంగ్లండు ప్రభువుల వ్యవహారం దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ జాన్ బర్క్ అనే ఆయన 1826లో మొదలుపెట్టిన 'బర్క్స్ పీరేజ్' అనే లావుపాటి పుస్తకంలో ప్రభు వంశాలన్నీ వరుసగా ఎక్కి ఉంటాయి. అక్కడ బిరుదూ భవనమూ పెద్దకొడుకువి. తక్కినవారు సైన్యంలోకో, చర్చిలోకో, న్యాయస్థానంలోకో, లేదా మన దేశం మీదికో పోయి బతకవలసిందే. విన్‌స్టన్ చర్చిల్ 1874లో మార్ల్‌బరో డ్యూకుల బ్లెన్‌హీమ్ భవనంలో పుట్టాడు. కాని తండ్రి డ్యూకుగారి చిన్నకొడుకులలో ఒకడు. అందుచేత భవనమూ రాలేదు, బిరుదూ రాలేదు; కలమూ నోరూ నమ్ముకుని పైకి వచ్చాడు. దత్తపుత్రునికి ప్రభు బిరుదు అసలే సంక్రమించదు. ఇంట్లో ఎంత ప్రేమగా పెంచినా రక్తం కాకపోతే బిరుదు ఆరిపోవలసిందే. మనవారు మంత్రం చదివి, హోమం చేసి, పిల్లవాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకుంటే వంశం నిలిచిందన్నారు. రక్తంకంటే మాట గొప్పది అన్న నమ్మకం అందులో ఉన్నది.

అయితే ఆ నమ్మకం కూడా అన్ని వేళలా నిలవలేదు. మరొక వెలమ సంస్థానమైన పిఠాపురంలో దత్తత చేసుకున్న తరువాత రాజాగారికి కొడుకు పుట్టినట్లు ప్రకటించారు. రాజాగారు వీలునామాలో ఎస్టేటును ఆ పిల్లవానికి వ్రాశారు. దత్తపుత్రుడు కోర్టు కెక్కాడు. లండనులోని ప్రివీ కౌన్సిలు 1899లో వీలునామాయే చెల్లుతుందని తీర్పు చెప్పింది. పిల్లవాడు సూర్యారావుగారు పెద్దవాడై సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పోషకుడైనారు. అర్థం తెలియని మాట వచ్చినప్పుడల్లా నేను తెరిచే పుస్తకం అది. ఓడిపోయిన దత్తపుత్రుని పేరు మాత్రం ఈనాడు న్యాయవాదుల పుస్తకాలలో తప్ప కనిపించదు.

రాజ్యాలు పోయిన తరువాత ఈ ఇండ్లవారు ఏమైనారు? బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు జస్టిస్ పార్టీ నాయకుడై 1932లో మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయినాడు. 1937 ఎన్నికలలో స్వంత బొబ్బిలిలోనే ఓడిపోయాడు. ఓడించినది ఒక కార్మిక నాయకుడు, పేరు వి.వి. గిరి. ఆయన 1969లో భారత రాష్ట్రపతి అయినారు. బుస్సీ ఫిరంగులు చేయలేని పని ఓటు చీటీ చేసింది. కోటను కూల్చవచ్చును గాని, బొబ్బిలి పేరును ఓడించడానికి బొబ్బిలి ప్రజలే కావలసివచ్చింది.

కొల్లాపురానికి పొరుగున ఉన్న వనపర్తి వేరే వంశం, జనుంపల్లి రెడ్లది. అయినా ఒక్క మాట చెప్పకపోతే పాలమూరివారు ఊరుకోరు. పందొమ్మిదవ శతాబ్దిలో వనపర్తి రాజా రామేశ్వరరావు తన దగ్గర ఆఫ్రికా జాతి సిపాయిల దళం పెట్టుకున్నాడు. ఆ దళం నిజాం కొలువుకు చేరింది. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అనే పేట ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డులు ఉన్న చోటే. అదే ఇంట 1923లో పుట్టిన మరొక రామేశ్వరరావు స్వతంత్ర భారతదేశం తరఫున ఆఫ్రికాలో దౌత్యోద్యోగం చేసి, 1957లో మహబూబ్‌నగర్‌నుండి లోక్‌సభకు ఎన్నికైనారు. పూర్వీకుడు ఆఫ్రికావారిని కాపలాకు పెట్టుకుంటే, వారసుడు ఆఫ్రికా గడప తొక్కి దేశం తరఫున నమస్కారం పెట్టి వచ్చాడు.

ఆ ఇంటి కోడలు రాణీ కుముదినీదేవి కథ ఇంకా గొప్పది. ఆమె 1958లో హైదరాబాదు కూకట్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం స్థాపించారు. ఆ రోజులలో కుష్ఠు అంటే సొంత తల్లి కూడా దూరం జరిగేది. 1962లో ఆమె హైదరాబాదు మేయరు అయినారు. ఆ పదవిలో మొదటి మహిళ ఆమెయే. అదే సంవత్సరం వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైనారు. 2009లో కన్నుమూశారు. వంశవృక్షంలో కోడలి పేరు గీత పక్కన చిన్న అక్షరాలలో పడుతుంది. ఆ కేంద్రంలో చికిత్స పొందినవారిని అడిగితే ఏ పేరు పెద్ద అక్షరాలలో వ్రాయాలో చెబుతారు.

మద్రాసు రాష్ట్రంలో 1948 నాటి చట్టం జమీందారీలను రద్దుచేసింది. హైదరాబాదు రాష్ట్రంలో 1949లో జాగీర్లు రద్దయినాయి. వనపర్తి రాజప్రాసాదంలో 1959లో పాలిటెక్నిక్ పెట్టారు. ఇంగ్లండులో కూడా వంశపారంపర్యంగా ప్రభువుల సభలో కూర్చునే హక్కు 1999లో చాలామందికి పోయింది. భూమి పోయింది, కుర్చీ పోయింది. మిగిలినవి లెక్కపెడితే ఒక అలంకారశాస్త్రం, ఒక ప్రబంధం, ఒక నిఘంటువు, ఒక వైద్యశాల, కొన్ని చెరువులు. మిగిలిన ప్రతిదీ ఇతరుల కోసం చేసినదే. తమ కోసం కట్టుకున్న కోటలకు రావిచెట్లు మొలిచాయి.

మరి రేచని మాట?

ఆ ప్రశ్న విన్న తరువాత వంశావళిని మళ్లీ మొదటినుండి తిరగవేశాను. రేచని సంతతి పేర్లు అందులో లేవు. ఒక పేరు ఇచ్చి వెళ్లిపోయిన మనిషి, ఆ పేరు మోసినవారి కథలోనే రెండవ పుటకు కనుమరుగైపోయాడు. పెండ్లి మర్యాద ఒక్కటే ఆయన ఆనవాలుగా కొంతకాలం నిలిచింది.

కాని ఒక పొరపాటు నేనూ చేశాను. కాగితం మీద లేనిది లేనే లేదనుకున్నాను. వంశం చెప్పే విద్య రాజులకు మాత్రమే ఉన్నదా? మన తెలంగాణ పల్లెల్లో వ్యవసాయ కులాలకు గోత్రాలూ ఇంటిపేర్లూ వల్లించే వంశరాజులు ఉన్నారు. గొల్లలకు మందహెచ్చులవారు, పద్మశాలీలకు కూనపులివారు, మాదిగవారికి డక్కలివారు ఉన్నారు. ఈ డక్కలివారు జాంబపురాణం చెబుతారు. ప్రపంచం పుట్టకముందే తమ మూలపురుషుడు జాంబవంతుడు పుట్టాడని ఆ పురాణం చెబుతుంది. సూర్యచంద్రులకంటే ముందుకు పోయిన వంశవృక్షం అది! రాజుల వంశావళికి మద్రాసు విశ్వవిద్యాలయం అచ్చు దొరికింది. వీరి వంశావళికి ఒక ముసలివాని గొంతు దొరికింది. ఆ గొంతు ఆగిపోతే పుస్తకం కాలిపోయినట్లే.

ఇంతకూ మనలో ఎంతమందికి తాతకు తాత పేరు తెలుసు? తద్దినం పెట్టేవారు కూడా తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాలు చెప్పి ఊరుకుంటారు. ఆ పైన ఎవరని అడిగితే పురోహితుని ముఖం చూడవలసిందే. నేను కూడా అంతే. ఇతరుల ఇరవై తరాలు నల్లబల్ల మీద గీసే నాకు మా ఇంటి ఐదవ తరం తెలియదు.

తరువాతి వారం తరగతిలో ఈ మాటలే చెప్పాను. ఆ కుర్రవాణ్ణి నిలబెట్టి, "నీ ప్రశ్నకు పుస్తకంలో జవాబు లేదు నాయనా. మీ ఇంటి సంగతి నీవే వ్రాయి" అన్నాను.

"మా తాత పేరు ఎరుకే సార్. తాత నాయిన పేరు మా నాయినకు గూడ ఎరుక లేదు" అన్నాడు.

"ఇంట్లో ముసలివారు ఎవరూ లేరా?"

"నాయనమ్మ ఉన్నది సార్. కని ఆమెను ఎవరు అడుగుతరు?"

"నీవు అడుగు" అన్నాను.

దసరా సెలవుల తరువాత ఒక లెక్కల పుస్తకం కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పెన్సిలుతో గీసిన చెట్టు. ఆరు తరాలు! తండ్రికి తెలియని పేర్లు ముసలమ్మకు తెలుసు. అన్ని తరాలలోను మగవారి పక్కనే ఆడవారి పేర్లూ ఉన్నాయి, ఏ ఊరినుండి కోడలుగా వచ్చారో కూడా ఉన్నది. ఒకాయన పేరు పక్కన "బాయి తవ్వుతుంటె సచ్చిపోయిండు" అనీ, ఒకామె పేరు పక్కన "మంత్రసాని, ఊరందరికి పురుడు పోసింది" అనీ ఉన్నది. అనపోతనాయుని బిరుదులకంటే ఈ రెండు వాక్యాలు నన్ను ఎక్కువసేపు ఆపాయి.

కాగితం పైన బెత్తెడు జాగా ఖాళీగా ఉన్నది. అదేమని అడిగాను.

"మా నాయనమ్మ అక్క సర్వేలు ఇస్తె ఉన్నది సార్. దీపావళికి పోయి అడిగి, పైన రాస్త" అన్నాడు.

నేను ఆ సాయంత్రం ఇంటికి పోతూనే మా మేనత్తకు ఫోను చేశాను.